అడుగునీటి జాడ

2017 సెప్టెంబరు 10వ తేదీన గోవా తీరం నుండి 'తారిణి' అనే తెరచాప నావ బయలుదేరింది. అందులో భారత నౌకాదళానికి చెందిన ఆరుగురు మహిళా అధికారులున్నారు. వారిలో పి. స్వాతి విశాఖపట్నానికి, బొడ్డపాటి ఐశ్వర్య హైదరాబాదుకు చెందినవారు. 21,600 నాటికల్ మైళ్ళకు పైగా ప్రయాణించి, భూగోళాన్ని చుట్టి, 254 రోజుల తరువాత 2018 మే 21న వారు గోవాకు తిరిగివచ్చారు. పర్వతాల వంటి అలలను గురించి, ప్రచండ వాయువులను గురించి పత్రికలన్నీ వ్రాశాయి. నావ పొడవు 56 అడుగులేనన్న మాట కూడా వ్రాశాయి గాని, ఆ మాట దగ్గర ఆగి ఆలోచించినవారు తక్కువ.

56 అడుగులంటే పట్టణంలో ఒక మధ్యతరగతి ఇంటి స్థలమంత పొడవు. వెడల్పు అందులో మూడోవంతు కూడా ఉండదు. వంటపొయ్యి, పడకలు, మరుగుదొడ్డి, ఇంజను, డీజిలు, తడిసిన దుస్తులు, నెలలకు సరిపడే తిండిగింజలు, అన్నీ ఆ జాగాలోనే ఇమడాలి. తుపాను వేళ పైమూతలన్నీ బిగించుకోవాలి. ఇంట్లో దుర్వాసన పుడితే కాసేపు వీధి అరుగు మీదికి పోయి కూర్చోవచ్చు. నడిసముద్రంలో వీధి లేదు. పైగా కుదుపుకు కడుపులో తిప్పుతున్న మనిషికి ఏ కొంచెం దుర్గంధమైనా గోరుచుట్టుపై రోకటిపోటు. అతడు పడక పట్టాడంటే, అతని వంతు కాపలా మరొకరి నెత్తిన పడుతుంది. అందువల్ల తారిణి వంటి పెద్ద ప్రయాణపు నావకే కాదు, తీరం వెంబడి విహరించే చిన్న తెరచాప పడవకైనా వాసన అనేది అలంకారానికి సంబంధించిన విషయం కాదు. అది పడవ ఆరోగ్యానికి సంబంధించినది.

అయితే ఆ వాసనను కనిపెట్టవలసిన ముక్కు విచిత్రమైన సేవకుడు. కొత్త గంధం సోకగానే పరుగెత్తుకొని వచ్చి చెబుతుంది. అదే గంధం కొద్ది నిమిషాలు నిలిచి ఉంటే చెప్పడం మానుకొంటుంది. అందుకే పడవలో నివసించే యజమానికి తన పడవ వాసన తెలియదు. చుట్టపుచూపుగా వచ్చినవాడు మెట్లు దిగీ దిగగానే ముఖం చిట్లించి, మర్యాద కోసం దగ్గును నటిస్తాడు. పది రోజులు మూసి ఉంచిన పడవను తెరిచినప్పుడు, గాలి ఆడకముందు గడిచే మొదటి రెండు మూడు నిమిషాలే యజమానికి దొరికే సత్యమైన సమయం. చాలామంది ఆ నిమిషాలను కిటికీలు తెరవడంలో పోగొట్టుకొంటారు. అనుభవజ్ఞులు మాత్రం ముందుగా ఒక్కొక్క అర తలుపే తీసి, తల లోపలికి పెట్టి వాసన చూసి, ఆ తరువాతనే గాలికి దారి ఇస్తారు.

ఈ వెదుకులాటకు తర్కశాస్త్రంలో ఒక చక్కని ఆధారం ఉంది. సంస్కృతం నేర్చే పిల్లలు నేటికీ మొదట చదివే అన్నంభట్టు 'తర్కసంగ్రహం' గంధాన్ని పృథివికి మాత్రమే చెందిన గుణంగా నిర్ణయిస్తుంది. ఆ మతంలో జలానికి గాని, వాయువుకు గాని సొంత వాసన లేదు. నీరు కంపు కొడుతున్నదంటే అందులో పృథివికి సంబంధించిన అంశమేదో కలిసిందని అర్థం. నేటి రసాయనశాస్త్రం ఈ విభజనను అంగీకరించదు. కాని పడవలో దుర్వాసనను వెదికేవానికి ఇంతకు మించిన సూత్రం దొరకదు. నీరు కంపు కొట్టదు, గాలి కంపు కొట్టదు. వాటిలో కలిసినదేదో కొడుతుంది. అది ఎక్కడ కలిసిందన్నదే ప్రశ్న.

సాధారణంగా సమాధానం అందరికంటె కింద ఉంటుంది. పడవలో కారిన ప్రతి చుక్కా నేలపలకల కిందుగా జారి, అడుగున అన్నింటికంటె పల్లమైన చోట చేరుతుంది. ఆ పల్లాన్ని నావికులు బిల్జి అంటారు. చెక్క ఓడల కాలంలో ఆ బిల్జి ఒక నరకకూపం. సన్నటి అతుకుల గుండా ఊరిన సముద్రజలం, వర్షపు నీరు, వంటశాల కడుగునీరు, పశువుల మూత్రం, చచ్చిన ఎలుకలు, కుళ్ళిన ధాన్యం అన్నీ అక్కడికే చేరేవి. బరువు కోసం అడుగున పోసిన గులకరాళ్ళు ఆ కల్మషాన్ని పీల్చుకొని నెలల తరబడి దాచిపెట్టేవి. అక్కడినుండి లేచే వాయువు సోకి వెండి నల్లబడేది. సీసపు తెల్లరంగు వేసిన గోడలు మసకబారేవి.

ఇక్కడ నావికుల అనుభవంలో నుండి పుట్టిన ఒక విపరీత న్యాయం ఉంది. అడుగునీరు భరించరానంత కంపు కొడితే ఓడ గట్టిదని వారు సంతోషించేవారు. నీరు తియ్యగా, నిర్గంధంగా ఉంటే భయపడేవారు. ఎందుకంటే, కారని ఓడలో పాత నీరు కదలక కుళ్ళుతుంది. కారే ఓడలోకి కొత్త నీరు నిత్యం వస్తుంది, పంపులు నిత్యం తోడుతాయి, కనుక కంపు పుట్టే అవకాశం ఉండదు. మునిగిపోయే ఓడకే మంచి వాసన! ఈ సంకటం నుండి బయటపడడానికి జాగరూకులైన కెప్టెన్లు గట్టి ఓడలోనికి కూడా కావాలని సముద్రపు నీటిని వదిలి, మళ్ళీ తోడించేవారు. ఓడను కడిగించడానికి ఓడలోనికి నీరు రానీయడం చూసేవారికి వెర్రిగా తోచవచ్చు గాని, అందులోని తర్కం నిర్దుష్టమైనది.

18వ శతాబ్దంలో ఈ దుర్గంధం రాజ్యాల సమస్య అయింది. చెడుగాలియే జ్వరాలకు, నావికుల పళ్ళూడగొట్టి ప్రాణాలు తీసే స్కర్వీ వ్యాధికి కారణమని నాటి వైద్యులు నమ్మారు. లండనులో కాఫీ అంగడి నడిపే శామ్యూల్ సట్టన్ అనే వ్యక్తి 1740 ప్రాంతంలో ఒక ఉపాయం చెప్పాడు. ఓడలో వంటపొయ్యి ఎలాగూ రోజంతా మండుతూనే ఉంటుంది. మంటకు గాలి కావాలి. పొయ్యికి పక్కనున్న గాలి అందకుండా తలుపులు బిగించి, ఓడ అడుగు నుండి గొట్టాలు తెచ్చి దానికి కలిపితే, మంట తనకు కావలసిన గాలిని అడుగు నుండే లాక్కొంటుంది. అడుగున ఖాళీ అయిన చోటికి పైనుండి మంచిగాలి దిగుతుంది. మనిషి శ్రమ లేదు, అదనపు ఖర్చు లేదు. కాఫీ అంగడివాని మాటను నౌకాధికారులు తేలికగా తీసుకొన్నారు. చివరకు రాజవైద్యుడైన రిచర్డ్ మీడ్ అండగా నిలిచిన తరువాతనే పరీక్షలు జరిగాయి.

అదే కాలంలో స్టీఫెన్ హేల్స్ అనే క్రైస్తవ మతాచార్యుడు మరొక మార్గం తొక్కాడు. ఆయన మతబోధకుడే అయినా, మొక్కలలో నీటి ప్రవాహాన్ని, గుర్రపు రక్తపోటును కొలిచిన గొప్ప ప్రయోగశీలి. 1741లో ఆయన రాయల్ సొసైటీ ముందుంచిన యంత్రం కొలిమితిత్తి వంటిదే. పెద్ద చెక్కపెట్టెలలో కీలుకు బిగించిన పలకను మీటతో పైకీ కిందికీ ఆడిస్తే లోపలి గాలి బయటికి, బయటి గాలి లోపలికి నడుస్తుంది. సట్టన్ ఉపాయంలోని సొగసు దీనికి లేదు. మీట ఆడించడానికి మనుషులు కావాలి, అలసిన నావికులు ఆ పనిని సణుగుతూనే చేయాలి. అయినా ఆచార్యుని పేరుకున్న గౌరవం కాఫీ అంగడివాని పేరుకు రాలేదు. లోకరీతి అటువంటిది.

ఈ ప్రయత్నాలన్నింటి వెనుక ఉన్న సిద్ధాంతం తప్పు. స్కర్వీ చెడుగాలి వల్ల రాదు; తాజా పండ్లు, కూరలు లేని తిండి వల్ల వస్తుంది. నిమ్మజాతి పండ్ల ప్రభావాన్ని జేమ్స్ లిండ్ 1747లోనే ఓడ మీద ప్రయోగం చేసి చూపాడు. ఓడలలో వ్యాపించిన సన్నిపాత జ్వరాన్ని మోసింది గాలి కాదు, మురికి బట్టలలోని పేలు. సిద్ధాంతం తప్పయినా ఆచరణ వృథా కాలేదు. కెప్టెన్ జేమ్స్ కుక్ 1772 నుండి 1775 వరకు 'రిజల్యూషన్' నౌకపై చేసిన యాత్రలో ఇది స్పష్టమవుతుంది. ఆయన ఇనుపకుండలో నిప్పులు వేయించి ఓడ అంతస్తులన్నింటా, అడుగున పంపులుండే గోతిలో కూడా ఉంచి తడి ఆరబెట్టించాడు. వినెగారు, తుపాకిమందు కలిపిన పొగ వేయించాడు. పడకలు, బట్టలు ఎండకు వేయించాడు. మనుషుల శుభ్రతనూ, తాజా ఆహారాన్నీ తానే దగ్గరుండి చూసుకొన్నాడు. మూడేళ్ళకు పైగా సాగిన ఆ యాత్రలో నలుగురు మరణించగా, వారిలో వ్యాధి వల్ల పోయినది ఒక్కడే. ఆ పద్ధతులను వివరించిన వ్యాసానికి రాయల్ సొసైటీ 1776లో కోప్లే పతకం ఇచ్చింది. వాసన పోగొట్టాలని తడిని ఆర్పినందువల్ల పేలు తగ్గాయి, బూజు తగ్గింది. శత్రువును తప్పుగా గుర్తించినా, అతడు దాగిన ఇంటిని మాత్రం సరిగానే శోధించారు.

అడుగునీటి కంపు రహస్యం నేడు తెలిసినదే. ఒక లీటరు సముద్రజలంలో రెండున్నర గ్రాములకు పైగా సల్ఫేటు కరిగి ఉంటుంది. కదిలే నీటిలో ఆక్సిజన్ ఉన్నంతకాలం దానివల్ల బాధ లేదు. నీరు నిలిచిపోయి, అందులోని జీవపదార్థం కుళ్ళడంతో ఆక్సిజన్ అయిపోయినప్పుడు, గాలి అక్కరలేని ఒక జాతి బాక్టీరియా సల్ఫేటును ఆధారం చేసుకొని బ్రతకనారంభిస్తుంది. అది విడిచే వాయువే హైడ్రోజన్ సల్ఫైడు, కుళ్ళిన కోడిగుడ్డు వాసన.

ఫైబరుగ్లాసుతో చేసిన నేటి పడవలు చెక్క ఓడలవలె ఊరవు. అయినా వాటి యజమానులకు ఈ వాసన సుపరిచితమే. వారిలో ఎక్కువమంది పడే పొరపాటు ఒకటుంది. చిన్న పడవలలో మరుగుదొడ్డిని చాలావరకు సముద్రపు నీటితోనే కడుగుతారు. వారం రోజుల తరువాత వచ్చి పంపు నొక్కగానే క్యాబిన్ అంతా కుళ్ళు వాసనతో నిండిపోతుంది. యజమాని సహజంగానే మురుగు ట్యాంకును అనుమానిస్తాడు. అందులో మందులు పోస్తాడు, గోడలకు అత్తరు బుడ్లు తగిలిస్తాడు. వాసన తగ్గదు, మల్లెపూల కంపు దానికి తోడవుతుంది. అసలు దోషి మురుగు గొట్టం కాదు, శుభ్రమైన నీటిని తెచ్చే గొట్టం. సముద్రపు నీటిలో కంటికి కనబడని జీవులు కోట్ల కొలది ఉంటాయి. గొట్టంలో నిలిచిన నీటిలో అవి చచ్చి కుళ్ళి, మొదటి పంపుకే బయటికి వస్తాయి. పడవను విడిచివెళ్ళే ముందు ఆ గొట్టాన్ని మంచినీటితో కడిగి వెళ్ళడమే దీనికి విరుగుడు. నేరం మురికిదాని మీద మోపి, తెల్లబట్టలవానిని వదిలివేసే అలవాటు మనుషుల విషయంలోనే కాదు, గొట్టాల విషయంలోనూ ఉన్నది.

మురుగు ట్యాంకు పూర్తిగా నిర్దోషి అని కాదు. అందులోనూ రెండు జాతుల బాక్టీరియా పోటీ పడుతుంటాయి. గాలి అందితే పనిచేసే జాతి వ్యర్థాన్ని పెద్దగా వాసన లేకుండా జీర్ణం చేస్తుంది. గాలి అందకపోతే రెండవ జాతి రాజ్యమేలుతుంది. అందుచేత ట్యాంకు నుండి బయటికి పోయే గాలిగొట్టం సన్నగా ఉన్నా, సాలెగూటితో గాని ఉప్పుతో గాని మూసుకొన్నా దుర్వాసన ఖాయం. కొందరు తొందరపడి బ్లీచింగు ద్రావణం కుమ్మరిస్తారు. అది మేలు చేసే జాతిని కూడా చంపుతుంది, రబ్బరు భాగాలను పాడుచేస్తుంది, మూత్రంలోని అమ్మోనియాతో కలిసి విషవాయువును పుట్టిస్తుంది. ఒక కంపును పోగొట్టబోయి అంతకంటె చెడ్డదాన్ని కొనితెచ్చుకోవడమంటే ఇదే.

ట్యాంకు శుభ్రం, నీటిగొట్టం శుభ్రం, అయినా వాసన వస్తున్నదంటే మురుగు గొట్టాలనే పరీక్షించాలి. రబ్బరు కాలక్రమాన వాసనను తనలోనికి పీల్చుకొంటుంది. చుక్క కూడా కారదు, కాని వాసన మాత్రం గొట్టం గోడ గుండా బయటికి వస్తుంది. దీనిని పట్టుకొనే పద్ధతి ఎంతో సరళమైనది. శుభ్రమైన గుడ్డను వేడినీటిలో ముంచి పిండి, గొట్టం చుట్టూ చుట్టి వదిలేస్తారు. చల్లారిన తరువాత దానిని విప్పి, పడవ బయటికి తీసుకుపోయి, తాజాగాలిలో వాసన చూస్తారు. గుడ్డకు కంపు అంటుకొని ఉంటే ఆ గొట్టం ఇక ఏ సబ్బుకూ లొంగదు, మార్చవలసిందే. ఇంగువ కట్టిన గుడ్డ అనే తెలుగువారి నానుడిలో గుడ్డ వాసనను దాచుకొంటుంది. ఇక్కడ అదే గుడ్డ దాగిన వాసనను బయటపెడుతుంది.

ఇక బిల్జి. నేటి పడవలో అది పొడిగా ఉండాలి, కాని అరుదుగా ఉంటుంది. స్నానపు నీరు, మంచుపెట్టె కరిగిన నీరు, ఇంజను కింద కారిన నూనె, డీజిలు చుక్కలు అక్కడికే దారి వెదుక్కొంటాయి. పడవ అడ్డదూలాలకు అడుగున చిన్న రంధ్రాలుంటాయి, నీరు వాటిగుండా పారి పంపు దగ్గరికి చేరాలి. ఒక వెంట్రుకల చిక్కు, ఒక రంపపుపొట్టు ముద్ద చాలు, రంధ్రం మూసుకొని అక్కడొక చిన్న చెరువు ఏర్పడుతుంది. పూర్వపు ఓడలలో ఈ రంధ్రాలన్నింటి గుండా ఒక గొలుసో తాడో దూర్చి ఉంచేవారు. అప్పుడప్పుడు దానిని ముందుకూ వెనుకకూ లాగితే అడ్డం తొలగిపోయేది. ఇంత చౌకైన, ఇంత చక్కని ఏర్పాటు నేటి పడవలలో చాలావరకు కనిపించదు.

పరుపుల అడుగున చేరే చెమ్మ, మూసిన అరలలోని బూజు గాలి ఆడితే చాలావరకు పోతాయి. అయితే గాలి రావాలి, అల రాకూడదు. 1930లో నిర్మించిన 'డోరేడ్' అనే అమెరికా తెరచాప నావ 1931లో అట్లాంటిక్ మహాసముద్రాన్ని దాటే పందెంలో గెలిచింది. ఆ నావ పేరు మీద నిలిచిపోయిన గాలిపెట్టె ఈ చిక్కును తేలికగా విప్పింది. గాలిని పట్టే కొమ్ము పెట్టెకు ఒక మూల ఉంటుంది, లోపలికి దిగే గొట్టం మరొక మూల, కొంత ఎత్తున ఉంటుంది. నీరు పడితే పెట్టె అడుగున ఉన్న చిల్లుల గుండా బయటికి పోతుంది. గాలి మాత్రం మలుపు తిరిగి లోపలికి దిగుతుంది.

ఇంతవరకు చెప్పినది ఇబ్బంది కథ. ప్రాణాలు తీసే కథ వేరే ఉంది. హైడ్రోజన్ సల్ఫైడు అతి స్వల్పంగా ఉన్నప్పుడు ముక్కు దానిని వెంటనే పసిగడుతుంది. గాలిలో పదిలక్షల భాగాలకు నూరు భాగాలు దాటేసరికి అది ఘ్రాణశక్తినే స్తంభింపజేస్తుంది. వాసన ఆగిపోతుంది, మనిషి ప్రమాదం తప్పిందనుకొంటాడు. ఇంకా పెరిగితే కొద్ది నిమిషాలలో స్పృహ పోతుంది. చేపలు నిల్వచేసే పడవ అరలలో, నగరాల మురుగు కాలువల గోతులలో కార్మికులు ఇలాగే కుప్పకూలుతున్నారు. పడినవానిని లేపడానికి దిగినవాడు కూడా అక్కడే పడిపోవడం ఈ విషాదాలలో తరచు కనిపించే రెండవ అంకం. పైనున్నవారికి వాసన వస్తున్నది గనుక లోపలివానికి కూడా తెలుస్తుందని అనుకోవడమే పొరపాటు.

అదే కుళ్ళుగుడ్డు వాసన పడవలో బ్యాటరీ నుండి కూడా రావచ్చు. అప్పుడు బిల్జిని కడుగుతూ కూర్చోవడం మూర్ఖత్వం. బ్యాటరీ మితిమీరి చార్జి అవుతున్నదని, దానినుండి పేలే స్వభావమున్న వాయువు కూడా వెలువడుతున్నదని గ్రహించి, ముందుగా చార్జింగు ఆపాలి. వంటగ్యాసు సంగతి మరొకటి. దానికి సొంత వాసన దాదాపు లేదు. ముక్కుకు తెలియాలని కంపు కొట్టే రసాయనాన్ని కావాలనే కలుపుతారు. 1937 మార్చి 18న అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో న్యూ లండన్ అనే ఊరి పాఠశాలలో, వాసన లేని సహజవాయువు నేల కింద చేరి పేలి, దాదాపు 300 మంది పిల్లలు, ఉపాధ్యాయులు మరణించారు. గ్యాసుకు దుర్వాసన కలపాలనే చట్టం ఆ చితిమంటల వెలుగులో పుట్టింది. పడవలో వాడే వంటగ్యాసు గాలికంటె బరువైనది. కారితే అది కిటికీ గుండా పోదు. అడుగునీటి వలెనే జారి జారి బిల్జిలోనే పేరుకొంటుంది. అత్తరు చల్లి వాసనలన్నింటిని కప్పివేసిన పడవలో ఆ ఒక్క కంపు కూడా కప్పబడి ఉంటుంది.

అరలన్నీ వెదికి, గొట్టాలు మార్చి, రంధ్రాలు పొడిచి, బిల్జిని సబ్బునీటితో కడిగి, గుడ్డతో తుడిచి ఆరబెట్టిన తరువాత ఒక పరీక్ష మిగులుతుంది. దానికి యజమాని ముక్కు పనికిరాదు. పడవను మూడు రోజులు మూసి ఉంచి, ఎన్నడూ అందులో అడుగుపెట్టని వారినెవరినైనా పిలుచుకొని రావాలి. మూత తెరిచి, అతిథిని ముందు దిగమని, యజమాని పైనే నిలబడతాడు. అతిథి నాలుగు మెట్లు దిగి చుట్టూ చూసి, పడకలు ఎన్ని, వంట ఎక్కడ, ఈ చిన్న తలుపు దేనికి అని అడగడం మొదలుపెడతాడు. దగ్గు మాత్రం వినిపించదు.